ఎర్రగుడ్డ మీద చూపు

ఆయన పోయిన సంగతి మా టైమాఫీసు ప్యూను చెప్పాడు. పొద్దున్న డ్యూటీకి వెళ్తూ పోర్టు గేటు దగ్గర సైకిలుకి తాళం వేస్తుంటే వెనక నుంచి వచ్చి, "బావా, ఇన్నావా? మన పాత క్రేను డ్రైవరు పోనాడట. పెందుర్తిలో. మొన్నే అయిపోనాదట అంతానూ" అన్నాడు. నేను "అలాగా" అన్నాను. తాళం సరిగ్గా పడిందో లేదోనని ఇంకోసారి లాగి చూశాను. లోపలికి వెళ్ళి హాజరు వేయించుకున్నాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, గోంగూర పచ్చడి బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నాకీ ఉద్యోగం మిగిలిందంటే ఆ మనిషి వల్లే. ఏడుపు రావాలి. రాలేదు. పన్ను పీకే ముందు మత్తు సూది పొడిచాక మన బుగ్గని మనమే గిల్లి చూసుకుంటాం కదా, అలా ఆ రోజంతా నన్ను నేను గిల్లి చూసుకున్నాను. ఎక్కడా నొప్పి తెలియలేదు. సాయంత్రం మా ఆవిడతో చెబితే ఆవిడ మాత్రం పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. నేను పొయ్యి మీది పాలు పొంగిపోకుండా దించాను.

ఆయన పేరు రాయను. బతికుండగా నన్ను ఒక్కటే కోరాడు, తన సంగతి ఎవరికీ చెప్పొద్దని. ఆ మాట ఎటూ ఇప్పుడు తప్పుతున్నాను. పేరైనా దాచనివ్వండి.

ఆయన్ని తలుచుకోగానే ముందు గుర్తొచ్చేది ఆయన మెడ. అది వంగేది కాదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పేవాడు కాదు, మనిషి మొత్తం కావడి మోస్తున్నవాడిలా తిరిగేవాడు. ఓడ పైనుంచి ఎవరైనా కేకేసి పలకరిస్తే తలెత్తకుండా చెయ్యి మాత్రం ఊపేవాడు. బీడీ కింద పడితే నడుం వంచకుండా, నిటారుగా గొంతుక్కూర్చుని, చేత్తో తడిమి తీసుకునేవాడు. గడ్డం గీసేటప్పుడు మంగలి తల వెనక్కి వంచబోతే, "నా బుర్ర జోలికి రాకు, నువ్వే వొంగు" అని కసిరేవాడు. పోర్టులో సగం మంది ఆయనకి తలబిరుసు అనుకునేవారు. క్రేను ఎక్కి కూర్చున్నాడు కదా, కిందున్నవాళ్ళు ఆయన కంటికి ఆనడం లేదని చెప్పుకునేవారు. డెబ్భైల మధ్యలో గోదావరి జిల్లా నుంచి వచ్చి టెంపరరీ సిగ్నల్‌మాన్‌గా చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

మా పని సంగతి కాస్త చెప్పాలి. ఓడ మధ్యలో సరుకుండే పెద్ద గొయ్యి ఉంటుంది. ఆ గోతిలో సరుకెత్తే కూలీలు, అంటే కలాసీలు దిగి, సరుక్కి ఇనప తాడు చుట్టి క్రేను కొక్కేనికి తగిలిస్తారు. క్రేను ఒడ్డు మీద ఉంటుంది. డ్రైవరు మూడంతస్తుల మేడంత ఎత్తున గాజు గదిలో కూర్చుంటాడు. కలాసీలు కింద నుంచి "హబీస్" అని అరిస్తే పైకెత్తమని, "ఆరియా" అంటే దింపమని. ఆ కేకలు అంత ఎత్తుకి వినపడవు. అందుకని ఓడ డెక్కు మీద, గోతి అంచున ఒకడు నిలబడి, కిందివాళ్ళ కేకని చేతి సైగగా మార్చి పైకి పంపుతాడు. ఆ ఒకణ్ణి నేను.

మొదటిరోజు వెళ్ళి ఆయనకి దండం పెట్టి, "నమస్కారమండి, నేను కొత్త సిగ్నల్‌మాన్‌నండి" అన్నాను. మెడ కదపకుండా నన్ను పైనుంచి కింద దాకా చూసి, "గోదారోడివా? ఆ అండీలూ గిండీలూ ఇక్కడొద్దు. బావా అను, సాలు" అన్నాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. బావా అనడానికి నాకు నెల పట్టింది.

ఆయన రహస్యం నాకు మంచినీళ్ళ దగ్గర దొరికింది. క్యాంటీన్లో ఒకటే చెంబు. అందరం తలెత్తి, పెదవి తగలకుండా గొంతులో పోసుకునేవాళ్ళం. ఈయన మాత్రం ఆ చెంబు ముట్టుకునేవాడు కాదు. నిక్కరు జేబులోంచి చిన్న ఇత్తడి గ్లాసు తీసి, అందులో పోసుకుని, పెదవులు ఆనించి గుటకలు వేసేవాడు. కొబ్బరిబోండం కొట్టిస్తే ఎండిన బొప్పాయి కాడ గుచ్చి పీల్చేవాడు. ఎంగిలి తాగే మనిషని వెనకాల నవ్వుకునేవారు. నాకు చిన్నప్పటి నుంచీ ఎంగిలి పట్టింపు ఎక్కువ. ఒకరోజు ఉండబట్టలేక, "అదేంటి బావా, పెద్దవాడివి, ఎత్తి తాగడం రాదా?" అని అందరిలోనూ అనేశాను. ఆయన గ్లాసు కడిగి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు రోజులకి ఆయన క్రేను నిచ్చెన ఎక్కుతూ సగంలో ఆగిపోయాడు. ఎవరో ఒడ్డు మీంచి గట్టిగా పిలిచారు. ఆయన చటుక్కున కిందికి చూశాడు. అంతే, రెండు చేతులతో నిచ్చెన కమ్మీని వాటేసుకుని, నుదురు దానికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు. పిలిచినవాడు విసుక్కుని వెళ్ళిపోయాడు. నేను కిందే నిలబడి చూస్తున్నాను. చివరికి ఆయన ఎక్కకుండా కిందికే దిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బుగ్గలో ఉన్న అల్లం ముక్కని ఇటు నుంచి అటు మార్చుకున్నాడు.

"సూసావు కదా" అన్నాడు.

"ఏమైంది బావా?"

"ఏటవుద్ది? బుర్ర తిరిగింది. తల ఎత్తితే తిరుగుతాది, వొంచితే తిరుగుతాది. నీల్లు ఎత్తి తాగమన్నావు కదా, ఎత్తితే నాను అక్కడే పడిపోతాను."

ఆ రోజు క్రేను నీడలో కూర్చుని మొత్తం చెప్పాడు. ఏడాదిగా ఉందట. ఒకరోజు తెల్లారి మంచం మీద ఎడం పక్కకి ఒత్తిగిల్లితే ఇల్లు ఇల్లంతా గిర్రున తిరిగిందట. భూకంపం అనుకుని భార్యని లేపి బయటికి ఈడ్చుకెళ్ళాడట. "ఈదిలోకెల్లి సూస్తే అందరూ పళ్ళు తోముకుంతన్నారు. నాకు ఒక్కడికే భూకంపం" అని నవ్వాడు. అందరూ పైత్యం అన్నారు. భార్య అల్లం తరిగి నిమ్మరసంలో నానబెట్టి, ఎండబెట్టి సీసా నింపి ఇచ్చేది. ధనియాల కషాయం కాచేది. నెత్తిన ఆముదం అద్దేది. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. వాటిలో అల్లం ఒక్కటే వాంతిని ఆపేదట. తిరుగుడుకి ఆయనే మందు కనిపెట్టుకున్నాడు. పడుకోవడం మానేశాడు. ఊక కుక్కిన గోనెసంచి వీపు వెనక పెట్టుకుని, గోడకి చేరగిలబడి, కూర్చునే నిద్రపోయేవాడు. లేవగానే ఎదురుగోడ మీది మేకుని చూసేవాడు. మేకు కదలడం ఆగితే అప్పుడు కాలు కింద పెట్టేవాడు.

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"ఏ డాక్టరు? పోర్టు ఆస్పత్రి డాక్టరు కాయితం మీద ఎక్కిచ్చేస్తాడు. బయట డాక్టరైనా సీటీ ముక్క రాస్తాడు, అది ఎలాగోలాగ ఇక్కడికి ఒచ్చేస్తాది. బుర్ర తిరిగేవోణ్ణి క్రేను మీద ఉంచుతారా? దింపేస్తారు."

"దింపితే దింపారు. కిందేదో పనిస్తారు కదా."

ఆయన తలెత్తకుండా పైన గాజు గది వైపు చెయ్యి చూపించాడు. తర్వాత, "మా నాయిన నాగలెనకాల వొంగి వొంగి, వొంగే సచ్చిపోనాడు. మా ఇంట్లో పైన కూకుని సేసే పని నాకే ఒచ్చింది. ఆ గాజు గదిలో కూకుంటే నాను ఎవులికీ వొంగక్కల్లేదు. అది పోతే నాకింకేటుంది?" అన్నాడు.

నాకు జాలి వేసింది, నిజమే. దానికంటే ఎక్కువ భయం వేసింది. "గోతిలో మనుషులుంటారు బావా" అన్నాను.

"అందుకే నీకు సెప్తన్నాను. కొక్కెం ఎనకాల తల పైకీ కిందికీ ఆడిస్తేనే తిరుగుతాది. తల కదపకుండా ఒక్క సోటే సూత్తే ఎంత సేపైనా తిరగదు. ఆ సోటు నువ్వవ్వు. నాను కొక్కెం సూడను, సరుకు సూడను. నీ సెయ్యి ఒక్కటే సూత్తాను."

మర్నాడు ఆయన ఎర్రగుడ్డ పీలిక తెచ్చి నా కుడిచేతి మణికట్టుకి తనే కట్టాడు. సైగలు కూడా మార్చుకున్నాం. చెయ్యి భుజం దాటి పైకి లేస్తే ఎత్తాలి. నడుం కిందికి దిగితే దింపాలి. గుండె దగ్గర నిలబెడితే ఆగాలి. ముడి బిగించి, "ఇయ్యాల్టి నుంచి కుడిసెయ్యి నాది, ఎడంసెయ్యి నీది" అన్నాడు.

నవ్వుకున్నాను గానీ అది ఎంత కష్టమో తర్వాత తెలిసింది. ముక్కు మీద ఈగ వాలితే కుడిచేత్తో తోలకూడదు. చెమట కారి కంట్లో పడినా తుడుచుకోకూడదు. దురద, దగ్గు, బీడీ అన్నీ ఎడంచేతికే. ఒకసారి మర్చిపోయి చెవి గోక్కోబోతే, పైనుంచి క్రేను గంట ఠంగున మోగింది. దిగాక, "నా సెయ్యితో నీ సెవి గోక్కుంతావేటి?" అని తిట్టాడు. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో అన్నం తినడానికి తప్ప కుడిచెయ్యి వాడేవాణ్ణి కాదు. మా ఆవిడ నాకు పక్షవాతం వస్తోందేమోనని హడలిపోయింది.

అలా నాలుగేళ్ళు. ఒక్క పెట్టె జారలేదు. ఒక్క కలాసీకి గీత పడలేదు. మిగతా డ్రైవర్లు కొక్కేన్నీ సరుకునీ చూస్తూ, సిగ్నల్‌మాన్ని సగం నమ్మీ సగం నమ్మకా తోలేవారు. ఈయన నన్ను పూర్తిగా నమ్మాడు. అందుకే మా జోడీ మీద సరుకు చంటిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు దిగుతుందని కలాసీలు అనేవారు, మేమే కావాలని అడిగేవారు. నాకు గర్వంగా ఉండేది. చెడ్డపని చేస్తున్నానన్న ఆలోచన మొదటి ఆరునెలల్లోనే పోయింది. పొద్దున్న నిచ్చెన ఎక్కే ముందు ఆయన సింహాచలం కొండ వైపు మొత్తంగా తిరిగి, కుడిచెయ్యి నుదుటికి తాకించి "అప్పన్నా, సూసుకో" అనేవాడు. పక్కన నిలబడి నేనూ అలాగే చేసేవాణ్ణి. మా ఊళ్ళో మాకు వేరే దేవుడు ఉన్నాడు గానీ, ఆయనతోపాటు నేనూ అప్పన్న భక్తుణ్ణయిపోయాను. మంచి కబురు విన్నా, గండం గడిచినా, నా చెయ్యి దానంతటదే నుదుటికి పోయేది.

స్టీలు ప్లాంటుకి సామాను ఓడల మీద రావడం మొదలైన రోజులు. మా ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. రెండు రోజులుగా నొప్పులు పడుతోందనీ, కష్టంగా ఉందనీ ముందు ఒక టెలిగ్రాం వచ్చింది. బయల్దేరదామంటే టెంపరరీ వాణ్ణి, సెలవు అడిగితే పేరు కొట్టేస్తారు. ఆ రెండు రోజులూ నేను గోతి అంచున నిలబడ్డానన్న మాటే గానీ, నా మనసు అక్కడ లేదు. మూడోరోజు పొద్దున్న పదింటికి గోతిలో పెద్ద చెక్కపెట్టె. ఒక కలాసీ దాని కింద నుంచి ఇనప తాడు లాగి సర్దుతున్నాడు. నా కుడిచెయ్యి గుండె దగ్గర ఉంది, ఆగమని. ఒడ్డు మీంచి మా ప్యూను కేకేశాడు.

"బావా! టెలిగ్రాం ఒచ్చింది! ఆడపిల్ల! తల్లీ పిల్లా బాగున్నారట!"

నా చెయ్యి నుదుటికి పోయింది.

నేను కొండ వైపు చూస్తున్నాను. మోటారు చప్పుడు విన్నాను. తర్వాత గోతిలోంచి అరుపు విన్నాను. తాడుకీ పెట్టెకీ మధ్య ఆ కలాసీ కుడిచెయ్యి ఉంది. రెండు వేళ్ళు పోయాయి.

డెక్కు మీద ఆ వేళ నేనొక్కణ్ణే ఉన్నాను. కేకేసిన ప్యూను అప్పటికే వెనక్కి తిరిగాడు. నా చెయ్యి ఎవరూ చూడలేదు, ఆయన తప్ప.

విచారణ నాలుగోరోజు జరిగింది. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. నన్ను ముందు పిలిచారు. ఆయన పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఎత్తమని సిగ్నల్ ఇచ్చావా?" అని అడిగారు. ఇచ్చానంటే ఆ పూటే నన్ను గేటు బయటికి పంపేస్తారు. పుట్టి నాలుగు రోజులైన పిల్ల, మొహం ఇంకా చూడలేదు. "ఇవ్వలేదండి" అన్నాను. మాట వరకూ అది నిజమే, నేను దండం పెట్టాను. నిజం కాదని నాకు తెలుసు.

ఆఫీసరు ఆయన వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు ఎత్తావు?"

సిగ్నల్‌మాన్ చెయ్యెత్తాడు సార్, అంటే సరిపోయేది. సిగ్నల్ ప్రకారం తోలిన డ్రైవరుది తప్పు కాదు. ఆయనకి ఏమీ అయ్యేది కాదు. ఆయన నా వైపు చూడలేదు. ఎదురుగోడ మీద గడియారం ఉంది, దాని మీద చూపు నిలిపాడు.

"బుర్ర తిరిగింది సార్" అన్నాడు. "నాకు తిరుగుడు జబ్బుంది. శానా కాలంగా ఉంది. ఎవులికీ సెప్పనేదు. కల్లు తిరిగి సెయ్యి మీట మీద పడిపోనాది."

అన్నేళ్ళు దాచుకున్న జబ్బుని, అది ఏ పాపమూ చెయ్యని రోజున, ముగ్గురు ఆఫీసర్ల ముందు తనే బయట పెట్టుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా నోరు తెరుచుకోలేదు. నాలో ఏదో మొద్దుబారింది అప్పుడే అనుకుంటాను. తర్వాతి నెల కూతుర్ని ఎత్తుకున్నప్పుడు కూడా అది పోలేదు.

ఆస్పత్రిలో కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, ఆయన కనుగుడ్లు గిరగిరా ఆడడం చూసి, డాక్టర్లు క్రేనుకి పనికిరాడని రాసేశారు. సామాన్ల గదిలో వేశారు. బోల్టులూ నట్లూ అడిగినవాళ్ళకి తీసిచ్చే పని. అవి కింది అరల్లో ఉంటాయి. రోజంతా వంగాలి.

నన్ను మర్నాటి నుంచి ఇంకో డ్రైవరుతో వేశారు. ఆ ఏడాదే పర్మినెంటు చేశారు. సామాన్ల గది ముందు నుంచి వెళ్ళకుండా నేను చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. ఎప్పుడైనా ఎదురుపడితే, "ఏటి బావా, పిల్లెలగుంది?" అనేవాడు. "బాగుంది బావా" అనేవాణ్ణి. అంతకి మించి ఒక్క మాట లేదు. చివరికి ఆయనే మానేసి, చాలాకాలం ముందే విరమించుకుని, పెందుర్తి దగ్గర కట్టుకున్న రెండు గదుల ఇంటికి వెళ్ళిపోయాడు.

ఒకసారి వెళ్ళాను. మూడేళ్ళ కిందట, ఆదివారం. వెళ్ళేసరికి వాకిట్లో నిలబడి, తల వెనక్కి వంచి, చెంబెడు నీళ్ళు ఎత్తి తాగుతున్నాడు. గొంతు గటగటా కదులుతోంది. అలా చూడడం నాకదే మొదటిసారి. నన్ను చూసి చెంబు దించి పిల్లాడిలా నవ్వాడు.

"సూసావేటి? ఎత్తి తాగుతన్నాను. మీ గోదారోల్ల లాగే."

సీతమ్మధారలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. ఇంక దాచాల్సింది ఏమీ లేదు కదా, అందుకని భయం లేకుండా వెళ్ళాడట. చెవి లోపల ఇసకలాంటిదేదో చోటు తప్పిందని చెప్పి, డాక్టరు ఒక కసరత్తు నేర్పాడట. నాకు మంచం మీద చేసి చూపించాడు. అంచున కూర్చుని, తల కొంచెం కుడికి తిప్పి, ఒక్కసారిగా ఎడం పక్కకి పడ్డాడు. కాసేపు అలాగే ఉన్నాడు. లేచి కూర్చున్నాడు. తల ఎడమకి తిప్పి, కుడి పక్కకి పడ్డాడు. "పొద్దున్న ఐదుమాట్లు, సాయంత్రం ఐదుమాట్లు. మొదట్లో పేనం పోయినట్టుండేది. మూడు వారాలకి పోనాది బావా, మాయమైపోనాది" అన్నాడు.

మూడు వారాలు. మందు లేదు, సూది లేదు, మంచం ఉంటే చాలు. నేను ఆ మంచం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన మాత్రం సంతోషంగా ఉన్నాడు. గోనెసంచి తీసేసి తలగడ పెట్టుకున్నాడు. మేకు మాత్రం గోడకి అలాగే ఉంది.

భార్య టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు, "బావా, ఆ రోజు..." అన్నాను.

"ఒల్లకో" అన్నాడు, ఊరుకోమని.

"నేనే చెయ్యెత్తాను. నువ్వు చూశావు."

"నాకు నీ సెయ్యి తప్ప ఇంకేటి కనబడేది? సూసాను." గొంతు తగ్గించాడు. "నువ్వు ఎత్తింది అప్పన్నకి. అప్పన్నకెట్టిన దండం మీద నాను ఆపీసరుకి పిర్యాదు సేత్తానా? పైగా ఆ సెయ్యి నాది కదా, నీది కాదు."

లోపల్నించి టీ గ్లాసుల చప్పుడు వచ్చింది. "పిల్లెలగుంది?" అన్నాడు మామూలు గొంతుతో. బడికి వెళ్తోందని చెప్పాను. ఆ తర్వాత నేను మళ్ళీ వెళ్ళలేదు. మనసు తేలికయిందని కాదు. ఏమీ కాలేదు, అందుకని.

పెద్దకర్మ రోజున వెళ్ళాను. జనం తగ్గాక ఆయన భార్య నాకు ఆకు వేసి, తనే వడ్డించింది. మజ్జిగ పోస్తూ, "మీకు ఆయన వల్ల మాటొచ్చింది బాబూ, మనసులో ఎట్టుకోకండి" అంది.

"నాకేం మాటమ్మా?"

"ఆ కలాసీ యేల్లు పోయిన నాడు మిమ్మల్నీ నిలబెట్టి అడిగారట కదా. పాపం మీరేటి సేసారు? ఈయన జబ్బు దాసిపెట్టి క్రేనెక్కాడు. నాను ఎక్కొద్దని ఎన్నోమాట్లు సెప్పాను. అల్లం ఎండబెట్టి ఇచ్చింది నానే కదా బాబూ, ఆ పాపంలో నాకూ వాటా ఉంది."

ఆయన ఆవిడకి కూడా చెప్పలేదు. అన్నంలో నా చెయ్యి ఆగింది. ఇప్పుడైనా అనకపోతే ఇంకెప్పుడూ అనలేనని అనిపించింది. అన్నాను. టెలిగ్రాం గురించి, దండం గురించి, గడియారం గురించి, అన్నీ అన్నాను. నా గొంతు నాకే హాజరు పట్టీ చదువుతున్నట్టు వినిపించింది.

ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"అయితే ఆయాల బుర్ర తిరగనేదా?"

"లేదమ్మా."

"మరి నాను ఏడు దసరాలు ఆల్లింటికి ఎందుకెల్లాను బాబూ?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. ప్రతి దసరాకీ బూరెలు వండి, కొత్త తువ్వాలు కొని, కంచరపాలెంలో ఆ కలాసీ ఇంటికి తీసుకెళ్ళేదట. ఆయనకి తెలియకుండా. మొగుడి జబ్బుకి క్షమించమని అడిగేదట. "ఆల్లు పుచ్చుకునేవోలు. కానీ ఒక్క దసరాకైనా కూకోమననేదు. గుమ్మంలోనే నిలబెట్టి పంపేసేవోలు. సేసిన పాపానికి ఆ మాత్రం పడాలి కదా అనుకుని ఒచ్చేసేదాన్ని" అంది. తర్వాత విస్తరి వైపు చూసి, "ఈ దసరాకి మీరెల్లండి" అంది. ఇల్లు ఎక్కడో చెప్పింది. రైలు గేటు దాటాక రెండో సందు, పచ్చరంగు తలుపు.

వెళ్ళాను. బూరెలు మా ఆవిడ వండింది, దేనికని అడగలేదు. పచ్చ తలుపు కొట్టాను. ఆ కలాసీయే తీశాడు. జుట్టు నెరిసింది. నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"నువ్వా బావా! సిగ్నలు బావవి కదా? ఆయమ్మ రానేదేటి ఈ యేడు?"

మాట మొదలెడదామనుకునేసరికి నా కాళ్ళ కింద గుమ్మం ఊగినట్టయింది. సందు, గోడలు, అతని మొహం, అన్నీ ఒకవైపుకి జారుతున్నాయి. ఇన్ని రోజులూ ఏమీ అనిపించని నాకు నోట్లో నీళ్ళూరి వాంతి వచ్చేలా ఉంది. ఆయన మాట గుర్తొచ్చింది, తల కదపకుండా ఒక్క చోటే చూడాలి. ఎదురుగా తలుపు రెక్కని పట్టుకున్న అతని కుడిచెయ్యి ఉంది. మూడు వేళ్ళు. వాటి మీద చూపు నిలిపాను. గోడలు నెమ్మదిగా ఆగాయి.

"ఆయనకి ఆ రోజు బుర్ర తిరగలేదు" అన్నాను. "చెయ్యెత్తింది నేను."

అతను కూర్చోమనలేదు. నేనూ చూపు తిప్పలేదు.